టార్గెట్లు వాళ్లవి, ఒళ్లు మనది

మా పలమనేరు చుట్టుపక్కల పల్లెల్లో అక్షరం ముక్క రాని ఆడవాళ్లకు కూడా బాగా తెలిసిన ఇంగ్లీషు మాట ఒకటుంది. టార్గెట్. ఏ.ఎన్.ఎం. నోట అదే మాట. అప్పు వసూలుకొచ్చే కంపెనీ పిల్లవాడి నోట అదే మాట. బెంగుళూరు గార్మెంట్స్‌కు పోయి వచ్చే ఆడపిల్లల నోటా అదే మాట. "ఏమే, ఈ మధ్య కంటికి కనపడటం లేదే?" అని అడిగితే "టార్గెట్ అక్కా" అంటారు. ఇక వేరే వివరం అక్కర్లేదు. దీనికి తెలుగులో 'లక్ష్యం' అనే గంభీరమైన పేరుంది గానీ, అది ఆఫీసు గోడల మీద రాయడానికే పనికొస్తోంది.

ఈ లక్ష్యాల పాఠాలు మన రాష్ట్రంలో మళ్లీ జోరుగా మొదలయ్యాయి. 1999లో విజన్ 2020 వచ్చింది. మెకిన్సీ అనే విదేశీ సలహా కంపెనీ దాని తయారీలో పాలు పంచుకుంది. 2024 డిసెంబరులో స్వర్ణాంధ్ర 2047 వచ్చింది. అప్పటికి తలసరి ఆదాయం 42 వేల డాలర్లు కావాలట. మా పక్కనున్న కుప్పానికైతే 2025 జనవరిలో విడిగా స్వర్ణ కుప్పం విజన్ 2029 కూడా ఇచ్చారు. ప్రతి శాఖా ఒక కంపెనీలాగా, ప్రతి ఉద్యోగీ ఒక టీములో సభ్యుడిలాగా అంకెలు పెట్టుకుని పనిచేయాలన్నది వీటన్నిటి సారాంశం. కొలవలేనిదాన్ని బాగుచేయలేం అన్నది ఈ పాఠాల మొదటి సూత్రం.

నేను లెక్కలకు వ్యతిరేకిని కాను. స్త్రీల ఉద్యమం లెక్కలకు ఎలా వ్యతిరేకి అవుతుంది? 1974లో 'సమానత్వం దిశగా' నివేదిక వచ్చినప్పుడు ఈ దేశాన్ని కుదిపింది అంకెలే. వెయ్యి మంది మగవాళ్లకు 930 మంది ఆడవాళ్లే ఉన్నారన్న 1971 జనాభా లెక్క లేకపోతే, మిగతా ఆడవాళ్లు ఏమయ్యారని అడిగేవాళ్లమే కాదు. ఇంటిచాకిరీని లెక్కలోకి తీసుకోమని ఇన్నేళ్లుగా గొంతు చించుకుంటున్నదీ మనమే. నా పేచీ లెక్కతో కాదు. ఆ లక్ష్యం ఎవరు పెట్టారు? అది తప్పితే ఎవరి జీతం ఆగుతుంది? అది నెరవేరితే ఎవరి ఒంటి మీద కత్తి గాటు పడుతుంది? కొలతల శాస్త్రం చెప్పే పెద్దలు ఈ ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి మాట మారుస్తారు.

కత్తి గాటు అని ఊరికే అనలేదు. ఈ దేశంలో ప్రభుత్వం పెట్టిన 'కొలవగలిగిన లక్ష్యాల'లో పాతవాటిలో ఒకటి కుటుంబ నియంత్రణ ఆపరేషన్. 1976-77లో, ఎమర్జెన్సీ కాలంలో, దేశం మొత్తానికి పెట్టిన లక్ష్యం 43 లక్షల ఆపరేషన్లు. చేసినవి 82 లక్షల పైచిలుకు. ఏ కంపెనీ లెక్కలో చూసినా ఇది బ్రహ్మాండమైన విజయమే కదా, లక్ష్యానికి దాదాపు రెట్టింపు! అందులో 62 లక్షలు మగవాళ్లకు చేసిన వేసక్టమీలు. తర్వాత షా కమిషన్ ముందుకు 1,774 చావుల లెక్క వచ్చింది. 1977 ఎన్నికల్లో ఆ ప్రభుత్వం కూలిపోయింది.

పాలకులు దీన్నుంచి నేర్చుకున్న పాఠం ఏమిటి? బలవంతం తప్పని నేర్చుకున్నారా? కాదు. మగవాళ్ల జోలికి వెళ్తే ఓట్లు పోతాయని నేర్చుకున్నారు. టార్గెట్ అలాగే ఉంచి, ఒళ్లు మాత్రం మార్చారు. మగవాళ్ల కోపానికి ప్రభుత్వం పడిపోయింది. ఆడవాళ్ల చావులకు ఈ దేశంలో ఇంతవరకు ఒక్క ప్రభుత్వమూ పడిపోలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 49 ఏళ్లలోపు పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ అర శాతం కూడా లేదు. వేసక్టమీ చిన్నది, పొట్ట కోయనక్కర్లేదు, ప్రమాదమూ తక్కువ అని డాక్టర్లే చెబుతారు. అంకెలే ముఖ్యమైతే, ఖర్చే ముఖ్యమైతే, ఆ చిన్న ఆపరేషన్‌కే కదా టార్గెట్ పెట్టాలి? సామర్థ్యం, సామర్థ్యం అని జపం చేసే వాళ్లకు ఇక్కడ మాత్రం అది గుర్తుకు రాదు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకే మన పిల్లలు ఆపరేషన్ బల్ల ఎక్కి దిగిపోతున్నారు. బిడ్డకూ బిడ్డకూ ఎడం పాటించే పద్ధతులు వాళ్లకెవరూ వివరంగా చెప్పరు. చెప్పినా ఏ.ఎన్.ఎం. రిజిస్టరులో దానికి ఆపరేషన్‌కున్నంత విలువ లేదు.

మా వైపు పనిచేసి రిటైరైన ఒక ఏ.ఎన్.ఎం. అక్క మార్చి నెల గురించి చెబుతుంటే నాకు నోట మాట రాలేదు. మార్చి అంటే ఆర్థిక సంవత్సరం ముగింపు. మనకు బడి పిల్లల పరీక్షలెట్లాగో ఆమెకు 'కేసులు' అట్లా. ఆపరేషన్‌కు వచ్చే మనిషిని మనిషి అనరు, కేసు అంటారు. కేసులు తక్కువైతే సమావేశంలో నలుగురి ముందు నిలబెట్టి తిట్టడం, జీతం ఆపుతామనడం. అందుకని పక్క ఊరి ఏ.ఎన్.ఎం.తో బేరాలు. ఒకప్పుడు బడి పంతుళ్లకూ, రెవెన్యూ సిబ్బందికీ కూడా ఈ టార్గెట్లుండేవి. వాళ్లు చేతి డబ్బు పెట్టి మరీ కేసును తమ పేరిట రాయించుకునేవాళ్లు. ఆమె తిట్టు తప్పించుకోవడానికి రెండో కాన్పు కాగానే బాలింతరాలి మంచం చుట్టూ తిరిగేది. "నాకూ ఆడబిడ్డలున్నారు, నాకు తెలీదా అమ్మీ" అంటుంది. ఇప్పుడు చెప్పండి, ఎవరిని నిందిద్దాం? పైన లక్ష్యం పెట్టినాయన ఆ బాలింతరాలి ముఖం చూడలేదు. చూసింది ఇంకొక ఆడదే. టార్గెట్ పద్ధతిలో ఉన్న అసలు కిటుకు ఇదే. పైనుంచి మెట్టు మెట్టుగా దిగి వచ్చి, చివరి మెట్టు మీద ఇద్దరు ఆడవాళ్లను ఎదురెదురుగా నిలబెడుతుంది.

మన సంఘాలు దీన్ని చూస్తూ ఊరుకోలేదని ఈ తరం పిల్లలకు తెలియాలి. 1985లో మెదక్ జిల్లా పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిమందును, అది ప్రయోగమని సరిగా చెప్పకుండానే పేద స్త్రీల మీద ప్రయోగించబోయారు. హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన వాళ్లు అక్కడికే వెళ్లి ప్రశ్నించారు. 1986లో సహేలీ, చింగారీ సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1994లో కైరోలో జరిగిన జనాభా సదస్సులో ప్రపంచంలోని స్త్రీల సంఘాలన్నీ ఒక్క గొంతుతో, జనాభా అంకెలకు బదులు స్త్రీల ఆరోగ్యాన్నీ హక్కునూ చూడమన్నాయి. 1996 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వం దేశమంతటా కుటుంబ నియంత్రణ టార్గెట్లను ఎత్తివేసింది.

మరి మన రాష్ట్రం ఏం చేసింది? సరిగ్గా ఆ మరుసటి ఏడాది, 1997లో, సొంత జనాభా విధానం తెచ్చింది. కేంద్రం తలుపు దగ్గర వదిలేసిన టార్గెట్‌ను దొడ్డిదారిన లోపలికి పిలిచింది. ఏ ఊళ్లో ఎంత శాతం దంపతులు ఆపరేషన్ చేయించుకున్నారో చూసి బడి గదులకూ, రోడ్లకూ నిధులు. డ్వాక్రా, బలహీనవర్గాల ఇళ్లు, మరుగుదొడ్ల పథకాలకూ అదే కొలత. మిగులు భూమి, ఇళ్ల స్థలాలు పంచేటప్పుడు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ముందు వరస. పైగా జిల్లాకు మూడు జంటలకు లాటరీ తీసి పదేసి వేలు బహుమతి! దీన్ని ప్రోత్సాహకం అన్నారు. ఇల్లు లేని దళిత స్త్రీకి ఇంటి స్థలం చూపించి ఆపరేషన్ అడగడాన్ని ఏ భాషలో ప్రోత్సాహకం అంటారో నాకు తెలియదు. మా వైపు అయితే దాన్ని గొంతు మీద కూచోవడం అంటారు.

ఇక చావుల సంగతి. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ జిల్లాలో ఒక శిబిరంలో ఒకే ఒక్క డాక్టరు కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశాడు. పదముగ్గురికి పైగా తల్లులు చనిపోయారు. ప్రభుత్వ నియమం ప్రకారమే ఒక డాక్టరు రోజుకు 30కి మించి చేయకూడదు. ఆ నియమం కూడా ఒక అంకే కదా, మరి దాన్నెందుకు ఎవరూ కొలవలేదు? 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు, టార్గెట్లు రాతపూర్వకంగా గానీ చాటుగా గానీ పెట్టకూడదనీ, శిబిరాలు మూడేళ్లలో ఆపాలనీ చెప్పింది. 2022 ఆగస్టు 25న మన పక్క రాష్ట్రం తెలంగాణలో, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చి అప్పటికి ఆరేళ్లు కావస్తోంది.

ఇంత జరిగాక ఇప్పుడేమయిందో చూడండి. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్నారు. ఈ నిబంధన వల్ల ముందుగా నష్టపోయింది మనమే. ఎంతమంది పిల్లల్ని కనాలో తేల్చేది భర్తా అత్తా, సర్పంచి పదవి పోగొట్టుకునేది కోడలు! 2024 నవంబరులో ఆ నిబంధన తీసేశారు. తీసేయడం మంచిదే. కానీ ఎందుకు తీశారు? స్త్రీల రాజకీయ హక్కు గుర్తొచ్చి కాదు. రాష్ట్రంలో ముసలివాళ్లు పెరిగిపోతున్నారు, కాబట్టి ఎక్కువమందిని కనండి అని. 1997లో ఆపేయమన్న ముఖ్యమంత్రీ, ఇప్పుడు కనమంటున్న ముఖ్యమంత్రీ ఒక్కరే, 1989 నుంచీ కుప్పం శాసనసభ్యుడిగా ఉన్న చంద్రబాబు నాయుడుగారే. 2025 మార్చిలో ఆ పార్టీ ఎం.పి. ఒకాయన మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేలు, మగపిల్లవాడు పుడితే ఆవు ఇస్తానని ప్రకటించారు. ఇరవై మూడేళ్లకే ఆపరేషన్ చేయించుకున్న ఆ పిల్లల్ని ఇప్పుడేం చేయమంటారు? వాళ్లను అడిగి మొదటి అంకె పెట్టలేదు, వాళ్లను అడిగి రెండోదీ పెట్టడం లేదు. అంకె తిరగబడింది, అంతే. మన పొట్ట మీద పెత్తనం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇదంతా ప్రభుత్వం సంగతి, కంపెనీలు అట్లా ఉండవు, అక్కడ లక్ష్యాలు శాస్త్రీయంగా పెడతారు అని నాతో వాదించేవాళ్లున్నారు. సరే, కంపెనీల దగ్గరికే పోదాం.

కుప్పం స్టేషన్‌లో తెల్లవారుజామున నిలబడితే తెలుస్తుంది, బెంగుళూరు రైళ్లకు ఎంతమంది ఎక్కుతారో. పలమనేరు వైపు నుంచి అక్కడికే కాపురాలు మార్చి గార్మెంట్స్‌లో చేరినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అక్కడ ఒక చొక్కా కాలరు కుట్టడానికి ఎన్ని నిమిషాలు పట్టాలో ముందే గడియారం పెట్టి లెక్కగడతారు. దాన్నిబట్టి గంటకు ఇన్ని అని బోర్డు మీద రాస్తారు. గంట గంటకూ సూపర్‌వైజరు వచ్చి చూస్తాడు. తగ్గితే అందరి ముందూ తిట్లు. ఆ గడియారం పెట్టిన ఇంజనీరు ఆడమనిషికి నెలసరి వస్తుందనీ, కడుపుతో ఉంటుందనీ, దాహమేస్తుందనీ ఆ నిమిషాల్లో కలపలేదు. అందుకే మన పిల్లలు మరుగుదొడ్డికి లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రంలో మంట, నడుము నొప్పి, రక్తహీనతలతో నలభై నిండకుండానే ఊరికి తిరిగొస్తారు. కంపెనీ లెక్కలో చొక్కా ఉంది. ఆ నడుము నొప్పి ఏ కాలమ్‌లోనూ లేదు. 2016 ఏప్రిల్‌లో కేంద్రం పి.ఎఫ్. డబ్బు తీసుకోవడం మీద ఆంక్షలు పెట్టినప్పుడు బెంగుళూరు రోడ్ల మీదికి వేలాదిగా వచ్చి రెండ్రోజుల్లో ఆ ఉత్తర్వును వెనక్కి తీయించింది ఈ ఆడవాళ్లే. వాళ్లకు లక్ష్యం అంటే ఏమిటో తెలియదని ఎవరనగలరు?

అప్పుల కంపెనీల కథ ఇంకా దారుణం. సూక్ష్మరుణాల కంపెనీలు ఒకప్పుడు ప్రపంచానికంతా గొప్పగా చూపించుకున్న అంకె ఒకటుంది. నూటికి 98, 99 రూపాయలు తిరిగి వస్తున్నాయని. పేద స్త్రీలు ఎంత నిజాయితీపరులో చూడండని మెచ్చుకున్నారు కూడా. ఆ 99 ఎట్లా వచ్చేది? అయిదుగురు ఒక గ్రూపు. ఒకామె వారం కంతు కట్టలేకపోతే మిగిలిన నలుగురూ కట్టాలి. వసూలుకొచ్చినవాడికి టార్గెట్ ఉంది, డబ్బు చేతికందేదాకా కదలడు. కాబట్టి ఆ నలుగురూ ఆమె గడప ముందు కూచుంటారు, తాళి మీదికీ బియ్యం మూట మీదికీ మాట వెళ్తుంది. 'టీము' అనే మాటకు మన పల్లెల్లో దొరికిన అర్థం ఇదీ! కొత్త అప్పులివ్వడానికీ టార్గెట్ ఉంది కాబట్టి, ఒక కంపెనీ కంతుకు ఇంకో కంపెనీ అప్పు. 2006లోనే కృష్ణా జిల్లాలో గొడవ బయటపడి యాభై దాకా శాఖలు మూయించారు. అయినా ఆగలేదు. 2010 ఆగస్టులో ఎస్.కె.ఎస్. కంపెనీ షేర్లు మార్కెట్లోకొచ్చాయి. అదే ఏడాది ఊళ్లల్లో ఆత్మహత్యల వార్తలూ వచ్చాయి. అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇంటి మీదికి పోకూడదు, పంచాయతీ ఆఫీసు లాంటి చోట నెలకొకసారే వసూలు చేయాలి అంది. ఆ తర్వాత వసూళ్లు నూటికి పదికి పడిపోయాయి. నాయకులు కట్టొద్దన్నారు కాబట్టి కట్టలేదు అంటారు, అది కొంత నిజమే. కానీ గడప ముందు మనిషి లేచిపోగానే పదికి దిగిన అంకె, అంతకుముందు కొలిచింది దేన్ని? నిజాయితీనా, భయాన్నా?

మేనేజ్‌మెంటు పుస్తకాలు చదివిన మా స్నేహితురాలు ఒకామె, నువ్వు చెప్పేవన్నీ తప్పుడు టార్గెట్లు, మంచి టార్గెట్లూ ఉంటాయి అంటుంది. ఉంటే ఉండనీ. ఈ విద్యకు ఆద్యుడిగా చెప్పే పీటర్ డ్రక్కర్ 1954లో దీని గురించి రాసినప్పుడు, పనిచేసేవాళ్లు తమను తాము అదుపు చేసుకోవడానికి లక్ష్యాలు కావాలన్నాడు గానీ, పైవాడు కిందివాణ్ణి బాదడానికి అనలేదు. జపాను కంపెనీలకు నాణ్యత నేర్పిన డెమింగ్ అయితే అంకెల కోటాలు ఎత్తేయండనే మొత్తుకున్నాడు. ఈ మాటలు మన శిక్షణ తరగతుల్లో ఎప్పుడైనా విన్నామా? అమెరికాలోనే వెల్స్ ఫార్గో బ్యాంకులో, ఒక్కో ఖాతాదారుకు ఎనిమిది రకాల సేవలు అంటగట్టాలన్న లక్ష్యం పెట్టారు. ఆ ఒత్తిడికి ఉద్యోగులు జనానికి తెలియకుండానే వాళ్ల పేరిట లక్షల ఖాతాలు తెరిచారు. 2016లో గుట్టు రట్టయింది. అప్పటికే ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు 5,300 మంది, ఎక్కువమంది కింది మెట్టువాళ్లే. అక్కడైనా ఇక్కడైనా మెట్ల వరస ఒకటే.

ఇప్పుడు సెల్‌ఫోను వచ్చాక మార్చి దాకా ఆగనక్కర్లేదు, ప్రతి రోజూ మార్చి నెలే. అంగన్‌వాడీ టీచరు పోషణ్ ట్రాకర్‌లో ఎక్కించాలి. 2025 జులై నుంచి ఇంటికిచ్చే సరుకులకు తల్లి ముఖం ఫోనుకు చూపించి గుర్తుపట్టించాలి. సిగ్నల్ లేని కౌండిన్య అడవి అంచు పల్లెల్లో అది గుర్తుపట్టకపోతే, లోపం ఎవరి ఖాతాలో పడుతుంది? 2023 డిసెంబరు 12 నుంచి మన రాష్ట్రంలో అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు 42 రోజులు సమ్మె చేశారు. వాళ్లడిగింది కూడా కొలవగలిగినవే. జీతం ఇంత పెంచండి, గ్రాట్యుటీ ఇవ్వండి. దానికి జవాబుగా ఎస్మా ప్రయోగించారు. కిందివాళ్లు పైవాళ్లకు పెట్టే అంకెను డిమాండ్ అంటారు, అది నేరమవుతుంది. పైవాళ్లు కిందివాళ్లకు పెట్టే అంకెను లక్ష్యం అంటారు, అది అభివృద్ధి అవుతుంది.

ఎవరూ టార్గెట్ పెట్టకుండానే మన ఆడవాళ్లు సాధించింది ఒకటి గుర్తుచేస్తాను. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమానికి లక్ష్యం, ఇంతమందికి చదవడం రాయడం రావాలని. 1990ల మొదట్లో ఆ రాత్రి బడుల్లో కూచున్న దూబగుంట ఆడవాళ్లు పాఠం చదివి, మా ఊళ్లో సారా ఎందుకని లేచారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం అయింది. సారా ఆగాలని ఆ అక్షరాస్యత రిజిస్టర్లలో ఒక్క గడి కూడా లేదు.

లెక్క కావాలంటే మనమూ పెడదాం. ఈ ఏడాది మా డివిజన్‌లో ఆపరేషన్ చేయించుకున్న ఒక్కొక్కరికి మిగతా పద్ధతులన్నీ ముందుగా చెప్పారా లేదా, కుట్లు విప్పేలోపు డాక్టరు ఎన్నిసార్లు చూశాడు, భర్తకు వేసక్టమీ గురించి ఎవరైనా ఒక్క మాట చెప్పారా? గార్మెంట్స్ బోర్డు మీద గంటకు ఇన్ని చొక్కాలని రాసిన పక్కనే, గంటలో ఎంతమంది లేచి నీళ్లు తాగారో రాయాలి. అప్పులిచ్చిన కంపెనీ వసూలైన శాతంతో పాటు, ఆ కంతు కట్టడానికి ఎంతమంది ఇంకో అప్పు చేశారో కూడా ప్రకటించాలి. ఈ అంకెలు తప్పితే జీతం ఆగవలసింది ఏ.ఎన్.ఎం.ది కాదు, లక్ష్యం మీద సంతకం పెట్టినాయనది.

ఇందులో మొదటి ప్రశ్నలతో మా సంఘం వాళ్లం ఒక నోటు పుస్తకం మొదలుపెట్టాం. గంగవరం, బైరెడ్డిపల్లె మండలాల్లో ఇల్లిల్లూ తిరిగి, పేర్లు లేకుండా రాసుకుంటున్నాం. ఏ.ఎన్.ఎం.లను కూడా కూచోబెట్టి వాళ్ల మాట వేరే పేజీలో రాస్తున్నాం. మదనపల్లె, పుంగనూరు వైపు సంఘాలు కూడా ఇదే ప్రశ్నలు పట్టుకుని తిరిగితే, లెక్క తేలాక అన్నీ కలిపి ఈ పత్రికకే పంపుతాం.